మిగిలిందా, ఖర్చయిందా?

మన భాషలో ‘కొసరు’ అని ఒక చక్కటి మాట ఉంది. కూరగాయల మనిషి కిలో వంకాయలు తూచి, తక్కెడ దించబోతూ మన మొహం చూసి ఇంకో రెండు కాయలు వేస్తుంది. పైన ఒక కరివేపాకు రెబ్బ పడేస్తుంది. అదీ కొసరు. దానికి రసీదు లేదు, గడువు లేదు, షరతులు లేవు. సంచిలో పడటంతోనే ఆ లెక్క తీరిపోయింది. ఇచ్చినావిడకీ తృప్తే, పుచ్చుకున్నావిడకీ తృప్తే.

‘రిబేటు’ మనకి తరవాత వచ్చిన మాట. మధ్యతరగతి ఇళ్ళకి ఈ మాట ఎక్కువగా ఖాదీ భండారాల గుమ్మం దగ్గర, చేనేత సహకార సంఘాల దుకాణాల్లో పరిచయమయింది. గాంధీ జయంతికి ఖద్దరు మీద రిబేటు, పండగలకి చేనేత మీద రిబేటు. పైకి చూస్తే ఇది కొసరుకి చదువుకున్న చెల్లెలిలా కనిపిస్తుంది గాని, ఈ కాలంలో దాని స్వభావం చాలా మారిపోయింది. కొసరు మన గురించి ఏమీ అడగదు. ఇప్పటి రిబేటు మాత్రం మన మీద ఒక పందెం కాస్తుంది. మనం ఎటువంటి మనుషులమో మనకంటే దానికే ఎక్కువ తెలుసునన్నది ఆ పందెం. చిత్రమేమిటంటే, చాలాసార్లు అదే గెలుస్తుంది.

ముందుగా ఒక మాట. తగ్గింపు ధరకి కొనటం తప్పని నేననను. నెలజీతంతో సంసారం ఈదే ఇల్లాలికి నాలుగు రూపాయలు కలిసిరావటంలో ఉన్న సంతోషాన్ని చిన్నచూపు చూసేవాళ్ళంటే నాకు పడదు. ఆ సంతోషానికి అర్థశాస్త్రంలో కూడా పీట వేశారు. 2017లో నోబెల్ బహుమతి పుచ్చుకున్న రిచర్డ్ థేలర్ అనే అమెరికన్ ఆచార్యుడు 1985లోనే ఈ సంగతి రాశాడు. ఏదైనా కొన్నప్పుడు మనకి రెండు రకాల తృప్తులుంటాయట. వస్తువు మన అవసరానికి పనికొచ్చిందన్నది ఒకటి, మంచి బేరం తగిలిందన్నది రెండోది. గాజులవాణ్ణి అరుగు మీద కూచోబెట్టి గంటసేపు బేరమాడిన మన అమ్మమ్మలకి ఈ రెండో తృప్తి గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. మొదటి తృప్తి లేకపోయినా రెండోది వచ్చేస్తుంది. అవసరం లేని వస్తువు దగ్గర కూడా బేరం గెలిచిన ఆనందం నిక్షేపంగా దొరుకుతుంది. కాకపోతే ఆ ఆనందం దుకాణం మెట్లు దిగి ఇంటికి వచ్చేదాకానే ఉంటుంది. తరవాత వస్తువు ఒక్కటే మిగులుతుంది, బీరువా పై అరలో.

ఆషాఢమాసం సంగతే చూద్దాం. ఆ నెలలో పెళ్ళిళ్ళుండవు. కొత్త కోడళ్ళు పుట్టిళ్ళకి వెళ్ళిపోతారు. బట్టల దుకాణాలవాళ్ళు ఈగలు తోలుకుంటూ కూచోవలసిన రోజులవి. శ్రావణం వచ్చిందంటే పెళ్ళి ముహూర్తాలు, వరలక్ష్మీ వ్రతం, పేరంటాలు – కొత్త సరుకు కావాలి. మరి పాత సరుకు ఎక్కడికి పోవాలి? అందుకే ఆషాఢం తగ్గింపులు. ఇందులో మోసమేమీ లేదు. శ్రావణంలో ఎలాగూ కొనవలసిన చీర నెల ముందే తక్కువలో కొనుక్కున్న ఇల్లాలు తెలివైనదే.

కాని ఒక చీర కోసం వెళ్ళి మూడు తెచ్చుకున్నావిడ లెక్క వినండి. రెండు వేల చీర నలభై శాతం తగ్గింపులో పన్నెండు వందలకి వచ్చింది. మూడు చీరలు. “ఒక్కొక్క దాని మీద ఎనిమిది వందలు... మొత్తం రెండు వేల నాలుగు వందలు మిగిల్చాను వదినా!” అంటుంది. కూడికలో తప్పు లేదు. కాని ఆ మిగిల్చిన రెండు వేల నాలుగు వందలు ఎక్కడున్నాయి? బాంకులోనా, పోపుల డబ్బాలోనా? ఎక్కడా లేవు. ఇంట్లోంచి బయలుదేరినప్పుడు ఆవిడ ఖర్చు పెట్టదలచుకున్నది రెండు వేలు. ఖర్చయింది మూడు వేల ఆరు వందలు. అంటే అనుకున్నదానికంటే పదహారు వందలు ఎక్కువే పోయాయి. అయినా ఆవిడ నోట ‘ఖర్చు’ అన్న మాట రాదు, ‘మిగులు’ అన్న మాటే వస్తుంది. ఆవిడ వదినగారితో అబద్ధమాడటం లేదు. నిజంగా అలాగే నమ్ముతోంది. నన్ను ఆలోచనలో పడేసేది ఆ నమ్మకమే.

శాతాల సంగతి మరీ విడ్డూరం. ‘50 శాతం పైన మరో 20 శాతం’ అని బోర్డు పెడతారు. చదివినవాళ్ళకి డెబ్భై అనిపిస్తుంది. వెయ్యి రూపాయల వస్తువు యాభై శాతం పోతే అయిదు వందలు. ఆ అయిదు వందల మీద ఇరవై శాతమంటే వంద. ఇవ్వవలసింది నాలుగు వందలు. తగ్గింది అరవయ్యే. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అంటే మూడింట ఒక వంతు తగ్గింపు. అదీ మనకి మూడూ కావాలంటేనే! పిల్లలకి ఎక్కాలు ఒప్పజెప్పించే తల్లులకి ఈ లెక్క రాదని కాదు. ఆ బోర్డు కింద నిలబడ్డప్పుడు లెక్క వేద్దామని తోచదు, అంతే.

ఇది చదువు లేని వాళ్ళ బలహీనత అనుకుంటే పొరపాటు. 1981లో టివర్‌స్కీ, కానెమాన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న పరీక్ష ప్రచురించారు. మీరొక కోటు, ఒక కాలిక్యులేటరు కొనబోతున్నారనుకోండి. కాలిక్యులేటరు ధర ఇక్కడ 15 డాలర్లు, ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఇంకో శాఖలో 10 డాలర్లు. వెళతారా అని అడిగితే నూటికి 68 మంది వెళతామన్నారు. మరికొందరిని ఇదే ప్రశ్న కాస్త మార్చి అడిగారు. కాలిక్యులేటరు ధర 125 డాలర్లు, అక్కడికి వెళితే 120. ఈసారి వెళతామన్నది నూటికి 29 మందే. చూశారూ? కలిసొచ్చేది రెండు చోట్లా అయిదు డాలర్లే. వెళ్ళవలసిన దూరమూ ఒక్కటే. మనం బీరకాయల దగ్గర అయిదు రూపాయల కోసం పట్టుబట్టి, ఫ్రిజ్ కొన్న రోజున అయిదు వందలు “పోన్లెద్దూ” అనేయటం లాంటిదే ఇది. రూపాయి విలువ పక్కనున్న అంకెని బట్టి మారదని మనకి తెలుసు. చేతులకి మాత్రం తెలియదు.

ఇంతవరకూ చెప్పింది అక్కడికక్కడ బిల్లులో తగ్గే తగ్గింపుల గురించి. అసలు పందెం నడిచేది తరవాత వచ్చే తగ్గింపులో. పూర్తి ధర ఇప్పుడు ఇవ్వండి, కొంత సొమ్ము మీకు తరవాత పంపిస్తాం అన్న పద్ధతి అది. అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి, కథలు కథలుగా చెబుతారు. 1990ల్లోనూ, 2000 తరవాత కొన్నేళ్ళూ అక్కడ కంప్యూటర్లు, ఫోన్ల వంటివాటి మీద ఇది చాలా జోరుగా సాగింది. అట్టపెట్టె మీద గీతల గుర్తు కత్తిరించాలి. అసలు రసీదు జత చెయ్యాలి. ఫారం నింపాలి. ఫలానా తేదీలోగా టపాలో వెయ్యాలి. ఆపైన కొన్ని వారాలు చెక్కు కోసం ఎదురు చూడాలి. ఈ తతంగంలో ఎక్కడ ఆగిపోయినా డబ్బు రాదు. అలా కొన్నవాళ్ళు అడగకుండా వదిలేసిన సొమ్ముకి వ్యాపారంలో ‘బ్రేకేజ్’ అని పేరు కూడా ఉంది. పేరు పెట్టారంటే లెక్కలో ముందే వేసుకుంటారన్న మాటే కదా!

మనకి ఇక్కడ అట్టపెట్టెలు కత్తిరించే శ్రమ అంతగా లేదు. దాని బదులు ఫోనులో ‘కాష్‌బ్యాక్’ ఉంది, పాయింట్లు ఉన్నాయి, వచ్చేసారి కొన్నప్పుడు మాత్రమే చెల్లే కూపన్లున్నాయి. వాటికీ గడువుంటుంది. మా బంధువుల్లో ఒకావిడ ఈ కూపన్లన్నీ దేవుడి గూట్లో కుంకుమ భరిణె కింద భద్రంగా పెడుతుంది. దీపావళికి గూడు కడిగేటప్పుడు తీసి చూస్తే సగానికి సగం గడువు దాటి ఉంటాయి. “అయ్యో, చూసుకోనే లేదు” అంటుంది. ఆవిడ బద్ధకస్థురాలు కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచే మనిషి.

మరి ఎందుకిలా జరుగుతుంది? దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. కాలంలో దూరంగా ఉన్న పని కూడా అంతే నునుపు. దిలీప్ సోమన్ అనే ఆచార్యుడు 1998లో ఇలాంటి వాయిదా తగ్గింపుల మీద తన పరిశోధన ప్రచురించాడు. కొనే సమయంలో మన కంటికి ఆనేది తిరిగొచ్చే సొమ్ము. తరవాత పడవలసిన శ్రమ చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఆ శ్రమ పడవలసిన రోజు వచ్చేసరికి అదే కొండంత అవుతుంది. వచ్చే సొమ్ము గోరంతగా తోస్తుంది. “ఇంత ప్రయాసా రెండొందల కోసమా!” అనిపిస్తుంది. ఆ రెండొందల కోసమే కదా ఆ వస్తువు ఎంచుకున్నది!

వచ్చే ఆదివారం మనం చాలా ఓపిగ్గా ఉంటామని మన నమ్మకం. ఆ రోజు చుట్టాలు రారు, పిల్లాడికి జ్వరం రాదు, పనిమనిషి మానెయ్యదు, కరెంటు పోదు. ఆ ఆదివారం ఇంతవరకూ ఏ కాలెండరులోనూ రాలేదు. అయినా మన అంచనాలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక్కడే నాకొక ధర్మసందేహం. ఇది మోసమా, కాదా? ప్రకటనలో ప్రతి అక్షరం నిజమే. పంపినవాళ్ళకి డబ్బు వస్తుంది. పంపకపోవటం మన తప్పు. కోర్టుకి వెళితే వాళ్ళే గెలుస్తారు. అయినా మనసు ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో తెలియాలంటే ఒక పాత ఉదంతం చెప్పుకోవాలి.

1992లో బ్రిటన్‌లో హూవర్ కంపెనీ ఒక పథకం పెట్టింది. వంద పౌన్లకి తక్కువ కాకుండా తమ సరుకు కొంటే ఇద్దరికి విమానం టిక్కెట్లు, రానూ పోనూ, ఉచితం. మొదట యూరప్‌కి అన్నారు, తరవాత అమెరికాకి కూడా అన్నారు. ఆ టిక్కెట్ల ఖరీదు వస్తువు ఖరీదు కంటే ఎన్నో రెట్లు. ఫారాలు, గడువులు, షరతుల మధ్య చాలామంది మధ్యలోనే విరమించుకుంటారని కంపెనీ ధైర్యం. జనం విరమించుకోలేదు. దుమ్ము పీల్చే యంత్రంతో పని లేనివాళ్ళు కూడా టిక్కెట్ల కోసం యంత్రాలు కొన్నారు. ఫారాలు ఓపిగ్గా నింపారు. చివరికి రెండు లక్షలమందికి పైగా విమానమెక్కారు. కంపెనీకి సుమారు అయిదు కోట్ల పౌన్ల నష్టం వచ్చింది. 1995లో హూవర్ యూరప్ వ్యాపారాన్నే మరొకరికి అమ్మేశారు.

ఈ కథ విని నవ్వుకుంటాం గాని, ఇందులో ఒక నీతి ఉంది. అందరూ మాట మీద నిలబడితే కూలిపోయే పథకమది. కొసరు అలా కాదు. వంద మంది అడిగితే వంద మందికీ కరివేపాకు దొరుకుతుంది. ఆషాఢం తగ్గింపూ అలా కాదు. అందరూ కొంటే దుకాణంవాడికి సంతోషమే. వాయిదా రిబేటు ఒక్కటే, మనలో చాలామంది మరిచిపోవాలని మనసులో కోరుకుంటూ చెయ్యి చాస్తుంది. అబద్ధం ఆడటం వేరు, ఎదుటివాళ్ళు తమతో తాము ఆడుకునే అబద్ధం మీద వ్యాపారం చెయ్యటం వేరు. రెండోదానికి చట్టంలో శిక్ష లేదు. అంతమాత్రాన అది మర్యాదైన పని అయిపోదు.

ఇంకొంచెం లోతుకి వెళదాం. పక్కింటావిడ చాలా జాగ్రత్తపరురాలు. ప్రతి కూపనూ వేళకి వాడుకుంటుంది. ఆవిడకి వచ్చే సొమ్ము ఎక్కడిది? కంపెనీ యజమాని జేబులోది కాదు. వాడుకోని వాళ్ళు పూర్తి ధర చెల్లించారు కనక, ఆవిడకి తగ్గించి ఇవ్వగలుగుతున్నారు. మరి వాడుకోని వాళ్ళెవరు? మతిమరుపు వాళ్ళు, బద్ధకస్థులు అని తేలిగ్గా అనేస్తాం. ఒకసారి మీ చుట్టూ చూడండి. చంకలో పసిపిల్ల ఉన్న తల్లి. మంచం పట్టిన అత్తగారికి సేవ చేస్తున్న కోడలు. రెండు బస్సులు మారి ఆఫీసు నుంచి ఏడింటికి ఇల్లు చేరే ఆవిడ. ఇంగ్లీషులో ఉన్న ఫారం చూసి బెదిరిపోయే ముసలమ్మ. తీరిక లేనివాళ్ళు తీరిక ఉన్నవాళ్ళకి చెల్లిస్తున్నారన్న మాట. పక్కింటావిడ తప్పు చేస్తోందని నేననను. తన హక్కు తాను తీసుకుంటోంది. కాని “మన జాగ్రత్త వల్ల మిగిలింది” అని గర్వపడేటప్పుడు, ఎవరి తీరికలేమి వల్ల మిగిలిందో కూడా ఒక్క క్షణం తలచుకుంటే బాగుంటుంది.

తగ్గింపు అన్నది గాలిలోంచి ఊడిపడదు. ఎవరో ఒకరు భరించాలి. పాత చేనేత రిబేటు బిల్లులోనే తగ్గేది. ఆ తగ్గిన మేర ప్రభుత్వం సంఘానికి ఇస్తుందని ఏర్పాటు. కొనేవాళ్ళకి ఇబ్బంది లేకుండా నేతగాడికి పని దొరకాలన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశం. అయినా ఆ సొమ్ము వేళకి అందక సంఘాలకి బకాయిలు పేరుకుపోయిన సందర్భాలు లేకపోలేదు. అప్పుడు మన చీర మీద తగ్గిన రూపాయిని భరించింది మగ్గం దగ్గర కూచున్నవాడే. ఎంత మంచి రిబేటుకైనా ఈ ప్రశ్న తప్పదు: దీన్ని మోస్తున్నది ఎవరు?

నేరమంతా అమ్మేవాళ్ళ మీద తోసేద్దామా అంటే, అదీ కుదరదు. 2012లో అమెరికాలో జె.సి.పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ ఒక కొత్త దారి తొక్కింది. ఏడాది పొడుగునా కూపన్లు, తగ్గింపులు అనే ఆర్భాటం మానేసి, ముందే తగ్గించిన ధర ఒక్కటే చీటీ మీద వేస్తామంది. అమ్మకాలు ఆ ఒక్క సంవత్సరంలోనే సుమారు పాతిక శాతం పడిపోయాయి. ఆ పద్ధతి తెచ్చిన అధికారి 2013 ఏప్రిల్లో పదవి పోగొట్టుకున్నాడు. కూపన్లు మళ్ళీ వచ్చాయి. అందులో ఇతర కారణాలూ ఉండవచ్చు. కాని మనందరం “ఈ మాయలెందుకు, ఉన్న ధరేదో చెప్పొచ్చుగా” అంటాం కదా, అలా చెప్పిన దుకాణంలోకి మనం వెళతామా? పన్నెండు వందలని మాత్రమే రాసి ఉన్న చీరా, రెండు వేలు కొట్టేసి పన్నెండు వందలని రాసిన చీరా పక్కపక్కన ఉంటే, మన చెయ్యి దేనిమీదికి వెళుతుంది? ఈ ప్రశ్నకి పైకి చెప్పే జవాబు వద్దు. మనసులో చెప్పుకుంటే చాలు.

అసలు బాధ డబ్బు గురించి కాదు. పొదుపు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ గుణంగా పేరు పడింది. అమ్మలు దాన్ని నగలా అప్పగించారు. ముగ్గులో చారెడు పిండి ఎక్కువ పొయ్యని చేతులవి. వ్యాపారి సరిగ్గా ఆ గుణాన్నే పట్టుకుంటాడు. దుబారా మనిషిని తగ్గింపు బోర్డు అంతగా కదిలించదు. ఎలాగూ కొంటుంది. “ఇంత కలిసొస్తుంటే వదులుకోవటం అన్యాయం కదా” అని గిలగిల్లాడేది పొదుపరి మనసే. మన మంచి గుణమే మన చేత ఖర్చు పెట్టిస్తుంటే, దాన్ని కాపాడుకోవలసిన బాధ్యత మన మీద లేదూ?

దానికి పెద్ద తపస్సు అక్కర్లేదు. తగ్గిందెంత అని కాక, చేతిలోంచి పోయేదెంత అని అడగటం ఒకటి. తరవాత వచ్చే సొమ్ముని రానట్టే లెక్కేసి, అప్పుడు కూడా ఆ ధరకి ఆ వస్తువు కావాలా అని చూసుకోవటం రెండోది. వస్తే సంతోషం, రాకపోతే నష్టం లేదు. ఇక మూడోది కొంచెం కష్టం. గత ఏడాది మనం ఎన్ని కూపన్లు దాచామో, ఎన్ని వాడామో ఒక కాగితం మీద రాసుకోవటం. మనం ఎటువంటివాళ్ళమో మన ఊహ చెప్పదు, ఆ కాగితం చెబుతుంది.

ఆ కాగితం ఎవరికీ చూపించనక్కర్లేదు. ఇంటి ఖర్చుల పుస్తకంలోనే పెట్టుకోండి. పాలవాడి లెక్క ప్రతి నెలా సరిచూస్తాం, చాకలిపద్దు సరిచూస్తాం. ఏడాదికొకసారి మన లెక్క మనం సరిచూసుకోవటానికి సిగ్గెందుకు?